పంటికి ఎక్స్‌రే: భయమెంత? అవసరమెంత?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేమిద్దరమూ దంతవైద్యులము, భార్యాభర్తలము. మైకు ముందు నిలబడింది ఒకరే అయినా మాట ఇద్దరిదీ గనుక "మేము" అనే అంటాము. ఏదైనా ఆరోగ్య విషయం మాట్లాడమని కార్యదర్శి గారు కబురు పంపినప్పుడు, పళ్ళు ఎట్లా తోముకోవాలో చెబుదామా అని మొదట అనుకున్నాము. కాని అది మీకు చిన్నప్పటి నుండి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వినడం వింటూనే ఉన్నారు, తోమడం తోముతూనే ఉన్నారు, పళ్ళు పుచ్చడం పుచ్చుతూనే ఉన్నాయి. అందుకని ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఎంచుకున్నాము. అది పంటికి తీసే ఎక్స్‌రే.

దీనికి కారణం ఉంది. కిందటేడు ఇదే హాలులో పెట్టిన ఉచిత దంత పరీక్షా శిబిరంలో కొందరికి ఎక్స్‌రే తీయించుకోవాలని చీటీ రాసి ఇచ్చాము. వారిలో చాలామంది మళ్ళీ కనబడలేదు. తర్వాత బజారులో, పెళ్ళిళ్ళలో కనబడినప్పుడు అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పారు. "మెదడుకు పోతుందంట కదా డాక్టరమ్మా" అన్నదొక ఖాలా. "మీకు కమీషను వస్తుందని మావాడు అన్నాడు" అన్నారొక పెద్దాయన, నవ్వుతూనే. కాని అందరికంటె గట్టిగా అడిగింది కాలేజీలో చదివే ఒక అమ్మాయి. "ఏమీ కాదు ఏమీ కాదు అంటారు గాని, బటన్ నొక్కేటప్పుడు మీరు మాత్రం గది బయటికి ఎందుకు పరుగెత్తుతారు సార్?" అన్నది.

అడగవలసిన ప్రశ్న అదే. దానికి జవాబు చెబుతాము, కాని అంతకుముందు మేము చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి.

2011లో మా దగ్గరికి దర్జీ పని చేసుకునే ఒక భాయి వచ్చాడు. వయసు ముప్ఫై లోపే. ఎడమవైపు కింది దవడ చివర నొప్పి. నోరు తెరిచి చూస్తే అక్కడ చిగురు కొద్దిగా వాచి ఉన్నది, జ్ఞానదంతం పైకి రానేలేదు. ఎక్స్‌రే తీస్తే గాని లోపల ఏముందో తెలియదన్నాము. అతను ససేమిరా అన్నాడు. "మా మామూకు నోట్లో పుండు లేస్తే కరెంటు పెట్టారండి. పెట్టిన తర్వాతనే ఆయన పోయాడు. నాకు వద్దు" అన్నాడు. ఆ సమయంలో బయట పది మంది రోగులు కూర్చుని ఉన్నారు. మేము కూర్చోబెట్టి వివరించలేదు. నొప్పికి, వాపుకు మందులు రాసి పంపేశాము. రెండు నెలలకు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ మందులే రాశాము. నొప్పి తగ్గింది గదా అని అతనికీ సంతోషం, రోగిని బాధపెట్టలేదని మాకూ తృప్తి.

ఏడాది దాటిన తర్వాత వచ్చినప్పుడు ముఖం ఒకవైపు ఉబ్బి ఉన్నది. ఈసారి తానే తీయండన్నాడు. తీసి చూస్తే, పైకి రాని ఆ పంటి చుట్టూ నీటితిత్తి పెరిగి, దవడ ఎముకలో నిమ్మకాయంత ఖాళీ చేసింది. పన్ను ఉండవలసిన చోటు నుండి కిందికి నెట్టుకుపోయి ఉన్నది. దవడ కింది అంచు కోడిగుడ్డు పెంకులాగా పలచబడిపోయింది. ఇది క్యాన్సరు కాదు, ప్రాణం తీసేది కాదు. నొప్పి కూడా పెద్దగా లేకుండా ఏళ్ళ తరబడి ఎముకను లోలోపల తోసుకుంటూ పోయే జబ్బు. డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. దవడ దక్కింది. కాని ఆ ఎముక లోపలి నుండి పోయే నరం అప్పటికే నలిగిపోయి ఉన్నందున, కింది పెదవి ఎడమ సగానికి స్పర్శ రాలేదు. టీ గ్లాసు ఆనిస్తే అటువైపు వేడి తెలియదు. గల్ఫుకు పోవడానికి అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాడు, అదీ ఆగిపోయింది.

మొదటిరోజు తీసి ఉంటే ఏమి కనబడేదో మాకు తెలియదు గాని, ఆ తిత్తి ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే దొరికి ఉండేదని మాత్రం నమ్ముతున్నాము. అతను భయపడ్డాడు, అది అతని తప్పు కాదు. ఆ భయాన్ని తీర్చడానికి పది నిమిషాలు కూర్చోకపోవడం మా తప్పు. ఆ పది నిమిషాలు ఈరోజు మీ ముందు ఖర్చుపెడుతున్నాము.

ముందుగా "కరెంటు పెట్టడం" సంగతి. మన ప్రాంతాలలో క్యాన్సరుకు ఇచ్చే రేడియేషన్ చికిత్సను కరెంటు పెట్టడం అంటారు. ఎక్స్‌రే గదిలో కూడా అట్లాంటి పెద్ద యంత్రమే కనబడుతుంది గనుక రెండూ ఒకటే అనుకుంటారు. రెండూ ఒక జాతి కిరణాలే, కాదనము. కాని పని వేరు, మోతాదు వేరు. నోటి క్యాన్సరుకు చికిత్స ఇచ్చేటప్పుడు ఆ కణితిని చంపడమే ఉద్దేశం గనుక, ఆరు వారాల పాటు రోజు విడిచి రోజు కాదు, వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు 30 సార్లు కిరణాలు ఇస్తారు. పంటి ఫోటోలో చర్మం మీద పడే మోతాదుకు, ఆ చికిత్స మొత్తం మీద కణితికి చేరే మోతాదుకు పదివేల రెట్లకు పైగా తేడా ఉంటుంది. కుంపటిలో నిప్పూ నిప్పే, ఊదుబత్తి చివర ఉన్నదీ నిప్పే. దర్జీ భాయి మామూ చనిపోయింది క్యాన్సరు వల్ల. కరెంటు ఆయన్ను బతికించడానికి చేసిన చివరి ప్రయత్నం.

ఇక మోతాదు. దీనిని కొలవడానికి మైక్రోసీవర్టు అనే కొలత ఉంది. బంగారానికి గ్రాము, మిల్లీగ్రాము ఎట్లాగో ఇదీ అట్లాగే. ఒక మిల్లీసీవర్టులో వెయ్యి మైక్రోసీవర్టులు. మనం ఏ ఎక్స్‌రే తీయించుకోకుండా ఇంట్లో కూర్చున్నా, నేలలోని ఖనిజాల నుండి, పీల్చే గాలి నుండి, తినే తిండి నుండి, ఆకాశం నుండి మన ఒంట్లోకి కిరణాలు చేరుతూనే ఉంటాయి. ప్రపంచ సగటు మీద ఇది ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులని ఐక్యరాజ్య సమితి శాస్త్రజ్ఞుల సంఘం చాలాకాలం క్రితమే లెక్కకట్టింది. అంటే రోజుకు ఆరేడు మైక్రోసీవర్టులు. ఈనాటి డిజిటల్ పరికరంతో ఒకటి రెండు పళ్ళకు తీసే చిన్న ఫోటోకు పడేది ఒకటి నుండి ఎనిమిది మైక్రోసీవర్టుల మధ్య. అంటే అందరికీ ఊరికే వచ్చే ఒక రోజు మోతాదు. రెండు దవడలూ ఒకే బొమ్మలో వచ్చేటట్టు తల చుట్టూ తిరిగి తీసే ఓపీజీకి పది, ఇరవై అనుకోండి. రెండు మూడు రోజుల వాటా.

ఇంకొక పోలిక చెబుతాము. మనలో చాలామంది హజ్‌కు, ఉమ్రాకు, ఉద్యోగాలకు విమానంలో పోయి వచ్చినవారే. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఆకాశ కిరణాలు ఎక్కువగా తగులుతాయి. సుమారుగా గంటకు రెండు నుండి ఐదు మైక్రోసీవర్టులు. హైదరాబాదు నుండి జిద్దాకు ఐదారు గంటల ప్రయాణం. దిగిన తర్వాత "నాకు రేడియేషన్ తగిలింది" అని ఎవరైనా అన్నారా? మేమైతే వినలేదు. కేరళలో కొల్లం దగ్గర కరునాగపల్లి తీరంలో ఇసుకలోనే థోరియం గల ఖనిజం ఉన్నందున, అక్కడి జనం తరతరాలుగా ఇతరుల కంటె అనేక రెట్లు ఎక్కువ కిరణాల మధ్య బతుకుతున్నారు. వేలాది మందిని ఏళ్ళ తరబడి గమనించి 2009లో ప్రకటించిన పరిశోధనలో అక్కడ క్యాన్సరు అదనంగా కనబడలేదు.

ఐతే "ఏమాత్రం ప్రమాదం లేదు" అని మేము అనము. ఎంత తక్కువ మోతాదుకైనా అంత తక్కువ ప్రమాదం ఉన్నదనుకుని నడుచుకోవాలన్నది ఈ శాస్త్రం తెలిసినవారు పెట్టుకున్న నియమం. ఆ లెక్క ప్రకారం చూసినా ఒక చిన్న పంటి ఫోటో వల్ల క్యాన్సరు వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటి కంటె తక్కువే. 2012లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. పళ్ళకు తరచుగా ఎక్స్‌రేలు తీయించుకున్నామని చెప్పినవారిలో మెదడు పొరలో వచ్చే ఒక రకం గడ్డ ఎక్కువగా కనబడిందని అందులో ఉంది. మెదడుకు పోతుందన్న ఖాలా మాట వెనుక అటువంటి వార్తలేవో ఉండే ఉంటాయి. కాని ఆ లెక్క రోగుల జ్ఞాపకాల మీద ఆధారపడింది. చిన్నప్పుడు ఎన్నిసార్లు తీయించుకున్నారో నలభై ఏళ్ళ తర్వాత చెప్పమంటే ఎవరు సరిగ్గా చెప్పగలరు? పైగా వారి చిన్నతనంలో ఒక్కొక్క ఫోటోకు పడిన మోతాదు ఇప్పటిదానికంటె చాలా ఎక్కువ. అందుచేత ఆ పరిశోధనతో భయపడనక్కరలేదు. కాని అవసరం లేనిదే తీయకూడదన్న మాటకు అది బలం చేకూర్చింది, అందుకు సంతోషమే.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. మేము ఎందుకు బయటికి పోతాము?

మీకు ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి ఫోటో పడుతుంది. మాకు రోజుకు పది, పదిహేను. పక్కనే నిలబడితే అన్నిటి తాలూకు చెల్లాచెదురు కిరణాలు మా మీద పడతాయి, ముప్ఫై ఏళ్ళపాటు. రోగికి ఆ ఫోటో వల్ల లాభం ఉన్నది. మాకేం లాభం? లాభం లేని మోతాదు ఒక్క చుక్కయినా వద్దన్నది పద్ధతి. పెట్రోమాక్స్ లైటు దగ్గర కూర్చుంటే కళ్ళు జిగేల్‌మంటాయి, నాలుగడుగులు వెనక్కి జరిగితే వెలుతురు ఎంత తగ్గిపోతుందో చూసే ఉంటారు. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. కిరణాలూ అంతే. అందుకే ఆరడుగుల దూరం గాని, గోడ చాటు గాని.

ఈ బుద్ధి మా వృత్తికి ఊరికే రాలేదు. జర్మనీలో రాంట్‌జన్ 1895 నవంబరులో ఈ కిరణాలను కనిపెట్టాడు. సుమారు రెండు నెలలకే, 1896 జనవరిలో, వాల్‌కాఫ్ అనే జర్మన్ దంతవైద్యుడు తన పళ్ళకు తానే ఫోటో తీసుకున్నాడు. అందుకు ఇరవై అయిదు నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చింది. ఈరోజు మా దగ్గర ఒక్క సెకనులో నాలుగో వంతు కూడా పట్టదు. అదే ఏడాది అమెరికాలో న్యూ ఆర్లియన్స్ పట్నంలో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు యంత్రం తెచ్చుకుని పని మొదలుపెట్టాడు. కిరణాలు సరిగ్గా వస్తున్నాయా లేదా అని చూడటానికి ప్రతిరోజూ తన చెయ్యే అడ్డంగా పెట్టి చూసుకునేవాడు. కొన్నేళ్ళకు వేళ్ళకు పుండ్లు పడ్డాయి, క్యాన్సరుగా మారాయి. వేళ్ళు తీసేశారు, తర్వాత చెయ్యి, ఆ తర్వాత భుజం దాకా. బాధ భరించలేక 1928లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. బోస్టన్‌లో రోలిన్స్ అనే మరొక దంతవైద్యుడు మాత్రం, ఈ కిరణాలు చంపగలవని గినీ పందుల మీద పరీక్షించి 1901లోనే హెచ్చరించాడు. గొట్టానికి సీసపు తొడుగు వేయండి, పని ఉన్నచోటనే కిరణాలు పడేటట్టు చేయండి అన్నాడు. అప్పట్లో ఆయన మాటను పట్టించుకున్నవారు తక్కువ. ఇప్పుడు మా గదిలో ఉన్న జాగ్రత్తలలో సగం ఆయన చెప్పినవే. ఫిల్మును డాక్టరు తన వేళ్ళతో పట్టుకోకూడదన్న నియమం ఉంది. ఆ నియమం చదివినప్పుడల్లా మాకు కెల్స్ గారి చెయ్యి గుర్తుకు వస్తుంది.

ఇంతకీ దీనివల్ల ఉపయోగమేమిటి? నోట్లో కనబడే పన్ను మొత్తం పన్నులో సగం కంటె తక్కువ. మిగతాదంతా ఎముకలో ఉంటుంది. రెండు పళ్ళు ఆనుకుని ఉన్నచోట మొదలైన పుప్పి, పైనుంచి అద్దం పెట్టి చూసినా కనబడదు. వేరు చివర చీము పట్టి ఎముక కరిగిపోవడం, చక్కెర జబ్బు ఉన్నవారికి చిగుళ్ళ కింద ఎముక దిగిపోవడం, పాత పన్ను పీకినప్పుడు లోపల ఉండిపోయిన వేరుముక్క, ఇవి కంటికి చిక్కవు. రూట్ కెనాల్ చేసేటప్పుడు వేరు ఎంత పొడవున్నదో తెలియకపోతే మధ్యలో ఆపేస్తాము, లేదా చివర దాటి పొడిచేస్తాము. కింది జ్ఞానదంతం పీకేముందు దాని వేళ్ళు ఆ నరానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడాలి, లేకపోతే దర్జీ భాయి పెదవికి పట్టిన గతి మా చేతులతో మేమే తెచ్చినట్టవుతుంది.

పంటినొప్పిలో ఇంకొక చిక్కుంది. నొప్పి పుట్టినచోట తెలియదు. కింది పన్ను పుచ్చితే పై పన్ను లాగుతుంది, చెవి పోటు పెడుతుంది. మాకు తెలిసిన ఒక నానీ, మరొక ఊళ్ళో ఎవరి దగ్గరో, "ఇదే, ఇదే" అని వేలుపెట్టి చూపించి పై దంతం పీకించుకుని వచ్చింది. నొప్పి అట్లాగే ఉంది. ఫోటో తీస్తే తప్పుచేసింది దాని ఎదురుగా ఉన్న కింది పన్ను. పోయిన పన్ను నిక్షేపంగా ఉన్నదేనని ఆమెతో చెప్పడానికి మాకు నోరు రాలేదు. చివరికి చెప్పాము. "పోనీలే బేటా, దానికీ వయసైంది" అన్నది.

అట్లాగని ఎక్స్‌రే అన్నీ చెబుతుందనుకోవద్దు. పంటిలో గట్టిదనం 30, 40 శాతం కరిగిపోతే గాని పుప్పి ఫోటోలో నల్లగా పడదు. కాబట్టి మొట్టమొదటి దశ అందులో కనబడదు. సన్నని చీలిక చాలాసార్లు పడదు. అన్నిటికంటె ముఖ్యం, గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ నమిలేవారి బుగ్గ లోపల వచ్చే తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు, నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోవడం, ఇవేవీ పంటి ఎక్స్‌రేలో కనబడవు. వాటికి కావలసింది మంచి వెలుతురు, డాక్టరు కన్ను, వేలు. అవసరమైతే చిన్నముక్క తీసి పరీక్ష. "మొన్ననే ఫోటో తీశారు, అంతా బాగుందన్నారు" అని గుట్కా నములుతూ ధైర్యంగా తిరిగేవాళ్ళను చూశాము. ఆ ఫోటో చెప్పింది ఎముక సంగతి. బుగ్గ సంగతి దానికి తెలియదు.

ఇప్పుడు కమీషను మాట. ఆ పెద్దాయన నవ్వుతూ అన్నాడు గాని, మేము నవ్వి ఊరుకోలేము. అవసరం లేని ఎక్స్‌రేలు తీసేచోట్లు ఉన్నాయి. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, పెద్దమ్మాయి పళ్ళు ఎత్తుగా ఉన్నాయని తీగ కట్టించడానికి మూడు చోట్ల అడిగింది. మూడుచోట్లా ఓపీజీ తీశారు. ఒకచోట సీబీసీటీ కూడా. ముందు తీసింది ఏదని ఎవరూ అడగలేదు, ఈమె దగ్గరా ఒక్కటీ లేదు. సీబీసీటీ అంటే మూడు కొలతల్లో చూపే స్కానింగు. దానిలో మోతాదు కొన్ని పదుల నుండి కొన్ని వందల మైక్రోసీవర్టుల దాకా పోతుంది. ఎముకలో పన్ను నాటేటప్పుడు, నరం మీద కూర్చున్న జ్ఞానదంతానికి, ఎముకలో ఇరుక్కుపోయిన కోరపంటికి అది కావలసిందే. వచ్చినవారందరికీ అది అక్కరలేదు. పిల్లల శరీరం పెరిగేది గనుక కిరణాలకు పెద్దలకంటె ఎక్కువ లోనవుతుంది. పిల్లల విషయంలో మరింత ఆలోచించి తీయాలి, పెద్దలకు పెట్టిన మోతాదు వారికి పెట్టకూడదు.

కాబట్టి డాక్టరు ఎక్స్‌రే అనగానే వద్దనకండి, సరే అని తల ఊపేసి కూర్చోకండి. ఒకమాట అడగండి: "ఇందులో ఏమి చూడాలనుకుంటున్నారండీ? అది కనబడితే వైద్యం మారుతుందా?" మారుతుందని డాక్టరు చెబితే కూర్చోండి. "మా దగ్గర అందరికీ తీస్తాము" అన్నది జవాబైతే, ఇంకొకసారి అడగండి. మమ్మల్నీ అడగండి, కోపం తెచ్చుకోము. తీసినదాన్ని ఇంటికి తెచ్చుకోండి. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరు మీదనే వస్తున్నాయి గనుక ఫోనుకు పంపించమంటే పంపిస్తారు. ఆరునెలల కిందటి బొమ్మ చేతిలో ఉంటే కొత్తది తప్పిపోవచ్చు, డబ్బూ మిగులుతుంది. పైగా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు నడక తెలుస్తుంది. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఉంది. పంటి ఎక్స్‌రే యంత్రం పెట్టుకున్న ప్రతి ఆసుపత్రి దాని దగ్గర నమోదు చేసుకోవాలి. యంత్రం రిజిస్టరు అయిందా అని అడగడం మీ హక్కే.

సభ ప్రారంభానికి ముందు చీటీలు రాసి ఇవ్వమన్నాము. కొన్ని వచ్చాయి.

మొదటిది ఆడవారి వైపు నుండి. "కడుపుతో ఉన్నప్పుడు తీయవచ్చా?" తీయవచ్చు, అవసరమైతే. కిరణాలు దవడ మీద పడతాయి, కడుపు మీద కాదు. బిడ్డకు చేరేది లెక్కలోకి రానంత తక్కువ. అమెరికాలోని కాన్పు వైద్యుల సంఘం కూడా 2013లో ఇదే చెప్పింది. చీము పట్టిన పంటిని తొమ్మిది నెలలు మోయడమే తల్లికి ఎక్కువ హాని. ఊరికే పరీక్ష కోసమైతే కాన్పు తర్వాత చూసుకుందాము. కడుపుతో ఉన్న సంగతి మాత్రం ముందే చెప్పండి.

రెండవది: "ఇదివరకు సీసం ఆప్రాను కప్పేవారు, ఈమధ్య ఒకచోట కప్పలేదు. నిర్లక్ష్యమా?" ఇది తెలివైన ప్రశ్న. పాతకాలపు యంత్రాల కిరణాలు చెదిరి పోయేవి గనుక ఆప్రాను కావలసి వచ్చింది. ఇప్పటి యంత్రాలలో కిరణాలు ఇరుకుగా, కావలసినచోటనే పడతాయి. ఆప్రాను వల్ల అదనపు లాభం లేదనీ, ఒక్కొక్కసారి అడ్డం వచ్చి ఫోటో చెడి మళ్ళీ తీయవలసి వస్తున్నదనీ 2024లో అమెరికా దంతవైద్య సంఘం ఆప్రాను, మెడ పట్టీ ఇక అక్కరలేదని చెప్పింది. కప్పితే తప్పు లేదు, కప్పకపోతే నిర్లక్ష్యమూ కాదు. పాత యంత్రం ఉన్నచోట మాత్రం కప్పమని అడగండి.

మూడవది: "బుర్ఖా తీయాలా?" చిన్న ఫోటోకు ముఖం తెరిస్తే చాలు. ఓపీజీకి మాత్రం తల చుట్టూ, మెడ దగ్గర ఉన్న పిన్నులు, చెవి కమ్మలు, ముక్కుపుడక, కట్టుడు పళ్ళు తీసేయాలి. లేకపోతే వాటి నీడ తెల్లగా పళ్ళ మీద పడి బొమ్మ పాడవుతుంది. ఆడమనిషి తీసే ఏర్పాటు కావాలంటే ముందే చెప్పండి, మా దగ్గర ఉంది. సిగ్గుపడి మానేయడం కంటె అడగడం మేలు.

నాలుగవది: "రోజాలో ఉండి తీయించుకోవచ్చా?" ఆ తీర్పు చెప్పవలసింది ఆలిములు గాని మేము కాదు. మా వైపు నుండి చెప్పగలిగింది ఒకటే: ఎక్స్‌రేలో మింగేది, సూది వేసేది ఏదీ ఉండదు. నోట్లో చిన్న పలక ఒకటి కొద్దిసేపు ఉంటుంది. మనసు ఒప్పకపోతే ఇఫ్తారు తర్వాత రండి, రంజాను నెలలో రాత్రి పది దాకా తెరిచే ఉంచుతాము.

చివరి చీటీ మీద ప్రశ్న లేదు. "మా అబ్బాకు ఆరునెలలుగా దవడ ఒకవైపు గట్టిగా ఉంది, నొప్పి లేదు" అని మాత్రమే రాసి ఉంది. ఎవరు రాశారో చెయ్యి ఎత్తనక్కరలేదు. నొప్పి లేదని ఊరుకోవద్దు, ఆయన్ను ఈరోజే తీసుకురండి.

పక్కగదిలో కుర్చీ, లైటు ఏర్పాటు చేశారు. ఇక్కడ యంత్రం లేదు గనుక ఈరోజు కంటితో చూసి, అవసరమైనవారికే చీటీ రాస్తాము. ఎందుకు రాస్తున్నామో ఆ చీటీ మీదనే తెలుగులో రాసి ఇస్తాము. డబ్బు కట్టలేనివారి ఖర్చు సంఘం భరించడానికి కార్యదర్శి గారు ఒప్పుకున్నారు, వారికి మా కృతజ్ఞతలు. ఇంట్లో పాత ఫిల్ములు, ఫోనులో పాత ఫోటోలు ఉన్నవారు అవి పట్టుకుని రండి. అసర్ నమాజు అయిన తర్వాత నుండి చీకటి పడేదాకా అక్కడే ఉంటాము. సెలవు.